రక్తంలో తరుగు

“ఒక్క మాత్ర వేసుకో, ఏం కాదు. ఇలా కుంటుతూ తిరుగుతుంటే వాళ్ళేమనుకుంటారు?” అంటూ మా ఆయన మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆయన చేత్తో నాకు నీళ్ళు తెచ్చివ్వడం అదే మొదలు. ఎందుకు తెచ్చాడో తెలుసు కాబట్టి అవి ఎంగిలి నీళ్ళలా కనిపించాయి.

ఆ మాత్ర ముట్టుకోవద్దని మోకాలు మార్చే డాక్టరమ్మ నెల ముందే చెప్పింది. నాది వయసుతో వచ్చిన అరుగుదల కాదు, కీళ్ళవాతం. పన్నెండేళ్ళుగా వేళ్ళనీ మోకాళ్ళనీ లోపల్నించి కొరుక్కు తింటున్న రోగం. “వాచి ఉన్న మోకాలు కోస్తే రక్తం ఎక్కువ పోతుందమ్మా. మీ ఒంట్లో చూస్తే హిమోగ్లోబిన్ తొమ్మిదే ఉంది. ముందు అది పెంచుదాం. ఆపరేషన్లో రక్తం పోకుండా ఇంజెక్షన్ ఇస్తాం. మీరు చెయ్యాల్సింది ఒకటే, పది రోజుల ముందే ఈ నొప్పి మాత్రలు ఆపెయ్యాలి. వాటితో రక్తం తొందరగా గడ్డకట్టదు,” అంది. నేను మా కొట్లో గుండీలూ జిప్పులూ దారాలూ అమ్ముకునేదాన్ని. సరుకు నింపేముందు సంచికి చిల్లు కుట్టుకోవాలని నాకొకరు నేర్పక్కర్లేదు. నాలుగు వారాలు వెళ్ళి ఐరన్ ఎక్కించుకున్నాను. తొమ్మిది కాస్తా పదకొండున్నర అయింది. నా కోసమని నేను కూడబెట్టుకున్నది ఈ జన్మకి ఆ రెండున్నరే.

ఆపరేషన్‌కి సరిగ్గా నాలుగు రోజుల ముందు ఆడపడుచు కుటుంబం దిగింది. నన్ను పలకరించడానికట. ఆరుగురు. పలకరింపు గుమ్మంలోనే అయిపోయింది, మిగిలిన మూడు రోజులూ తిండే. “మా వదిన మోకాళ్ళు మొరాయించినా గరిటె మొరాయించదు,” అని ఆవిడ అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే రోత. రోజుకి రెండు చొప్పున ఆరు మాత్రలు. ఆయన ఇచ్చాడు, నేను మింగాను. తప్పు ఇద్దరిదీ, రక్తం మాత్రం ఒక్కరిదే.

ఆస్పత్రిలో చేరిన మధ్యాహ్నం నర్సు కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. “నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా అమ్మా?”

“అబ్బే, లేదమ్మా. నేనే దగ్గరుండి చూసుకున్నా,” అన్నాడాయన. ఆమె రాసుకుని వెళ్ళిపోయింది.

నేను ఆయన వంక చూశాను. “చెబితే వాయిదా వేస్తారే. మళ్ళీ రోజు దొరికేసరికి సీజనొచ్చి పడుతుంది, కొట్లో ఎవరుంటారు? అయినా రక్తానిదేముంది, పోతే ఎక్కించుకుందాం. ఇవ్వడానికి ఇద్దరికి చెప్పి ఉంచాన్లే,” అని గొంతు తగ్గించి, నేను నోరెత్తకుండా నా చెయ్యి నొక్కాడు. వాచిన వేళ్ళ మీదే నొక్కాడు. ఏ వేళ్ళు నొప్పో ఈ మనిషికి ఇన్నేళ్ళయినా తెలియదు.

పోతే ఎక్కించుకుందాం. నేనేదో డాబా మీది నీళ్ళ ట్యాంకునైనట్టు. కొట్లో డబ్బాకి రెండు గుండీలు తగ్గితే సరుకు దించినవాణ్ణి నిలబెట్టి మొదట్నించీ లెక్కపెట్టిస్తాడు. “తరుగు నేనెందుకు భరించాలోయ్?” అంటాడు. పెళ్ళాం ఒంట్లో తరుగైతే మాత్రం ఆయనకి ఉదారబుద్ధి పుట్టుకొస్తుంది. ఆయన చేతి కిందనించి వేళ్ళు లాక్కున్నాను. కోపం ఆయన మీద ఒక్కటే కాదు, అలవాటు చొప్పున తలూపబోయిన నా మీద కూడా.

సాయంత్రం మత్తు డాక్టరు వచ్చింది, చిన్నపిల్ల. అట్ట తిరగేస్తూ “మాత్రలు ఆపేశారు కదా, మంచిది,” అంది.

“లేదమ్మా. ఆరు వేసుకున్నాను. ఆఖరిది నిన్న రాత్రి. ఈయనే చేతికిచ్చారు.”

ఆ పిల్ల కలం ఆగింది. ఆయన వంక ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. “చెప్పి మంచిపని చేశారు. మీకున్న రక్తానికి రేపు వద్దు. పది రోజులు ఆగుదాం.”

ఆమె గుమ్మం దాటగానే అందుకున్నాడు. “పరువు తీశావు కదే. చిన్నపిల్ల ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు.”

నేను చెయ్యడమేమిటి? తయారుగా ఉన్న సరుకే కదా.

కాసేపు పచార్లు చేసి తనే చల్లబడ్డాడు. “సర్లే, బట్టలు సర్దు. ఎలాగూ పది రోజులూ ఇంట్లోనే ఉంటావు కాబట్టి మా చిన్నాన్న వాళ్ళని కూడా రమ్మంటాను. నిన్ను చూడాలంటున్నారు.”

“రమ్మనండి. నేనుండను.”

“ఉండకపోతే వాళ్ళకెవరు వండిపెడతారు?”

ఎక్కడుంటావని అడగలేదు. వండేదెవరని అడిగాడు.

ఆస్పత్రి ఎదురు సందులో రోగులకి గదులు అద్దెకిస్తారు. చేతికర్రతో రోడ్డు దాటడానికి పావుగంట పట్టింది. గదులు చూసుకునే ఆవిడ మంచం చూపించింది, కిటికీ తెరిచింది, బాత్రూములో పట్టుకు లేవడానికి బిగించిన కడ్డీ చూపించింది. చివరికి కాస్త మొహమాటపడుతూ, “ఒక్కటే లోటమ్మా, ఇక్కడ వంట చేసుకోడానికి కుదరదు,” అంది.

“అది చూసుకునే వచ్చానమ్మా,” అని తాళంచెవికి చెయ్యి చాపాను.