ఐదు సెకన్ల గాలి

గొంతు క్యాన్సరుకు కరెంటు పెట్టాక కూతురి జబ్బయితే నయమైంది గాని, నోట్లో ఊరే తడి ఎండిపోయింది. తడి లేని పళ్ళు ఊరికే పుచ్చిపోతాయనీ, మూడు నెలలకోసారి నీలం లైటు కింద ఫొటో తీయించాలనీ పంటి డాక్టరమ్మ చెప్పింది. ఆ లైటులో మంచి పన్ను ఆకుపచ్చగా మెరుస్తుంది, పుచ్చు మొదలైన చోట నల్లబడుతుంది. పిల్లది బట్టల షాపులో రోజంతా నవ్వుతూ మాట్లాడే ఉద్యోగం. పళ్ళు పోతే దాని గతేమిటని తల్లికి ఒకటే దడ.

మొదటిసారి నర్సు పళ్ళమీదికి గాలి ఊదుతుంటే, చిన్న మచ్చ ఒకటి కంప్యూటరు తెర మీద అంతకంతకూ నల్లబడటం తల్లి కళ్ళారా చూసింది. ఉన్న కాస్త తడినీ ఆ గాలే లాగేసి పన్నును పుచ్చబెడుతోందని తేల్చేసుకుంది.

అప్పట్నుంచి ఫొటోకి ముందు గ్లాసు పట్టుకుని సిద్ధం.

"ఓ గుక్క తాగవే."

"నన్ను మొక్కననుకున్నావా అమ్మా, వచ్చినప్పుడల్లా నీళ్ళు పోస్తావు?"

"ఆ గాలి వద్దు తల్లీ, ఇది నీ చెల్లెలనుకో," అని నర్సునూ బతిమాలేది. నర్సు జాలిపడి మానేసేది. ఫొటోలు పచ్చగా వచ్చేవి. మచ్చ తగ్గుతోందని డాక్టరమ్మ కూడా సంతోషించింది.

ఈసారి నర్సు సెలవులో ఉంది. డాక్టరమ్మే ఐదు సెకన్లు లెక్కపెట్టి పళ్ళు ఆరబెట్టింది. పైవరస ముందు పళ్ళు నాలుగూ నల్లగా తేలాయి. ఆవిడ పాత ఫొటోలు తీసి పక్కన పెట్టింది.

"ఇవన్నీ తడి పళ్ళే. తడిగా ఉంటే మచ్చ సరిగ్గా కనిపించదు. నర్సు ఇలా ఎందుకు తీసింది?"

తప్పు ఆ నర్సు మీదికి పోతుందేమోనని తల్లి అంది.

"నేనేనమ్మా. నేనే వద్దన్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. పీకేయాలా?"

"పీకలేం. గొంతుకు పెట్టిన కరెంటు దవడకూ తగిలింది, పీకితే పుండు మానదు. చిగుళ్ళ దాకా కోసి, వేళ్ళు లోపలే వదిలేయాలి."

కూతురు తిడితే బాగుండుననిపించింది తల్లికి. అది తెర వంకే చూస్తూ ఉండిపోయింది.

"కింది పళ్ళ ఫొటోలు కూడా తీయాలి," అంది డాక్టరమ్మ.

"నువ్వు బయట కూర్చో అమ్మా," అంది కూతురు మెల్లగా.

జబ్బు తెలిసిన నాటి నుంచి పిల్ల ఆ మాట ఎప్పుడూ అనలేదు. తల్లి సంచీ తీసుకుని బయటికి నడిచింది.