కోయకుండా నిలిపిన బెండకాయలు

సుష్మకు ఆ ఐదు సెంట్ల మడే పాప పాల ఖర్చు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే రోడ్డు పక్కన, మొగుడి జొన్న చేను అంచున, ప్రకృతి వ్యవసాయం పథకంలో ఇచ్చిన విత్తనాలతో బెండ వేసింది. దినం విడిచి దినం కోస్తే రుక్సానా తన తోపుడు బండి మీద అమ్మడానికి తీసుకుని, అక్కడికక్కడే దుడ్లు చేతిలో పెట్టేది. జొన్నల డబ్బు ఏడాదికొకసారి వస్తుంది. పాపకు ఆకలి మాత్రం పూటపూటకూ వేస్తుంది.

అలాంటిది, ఊళ్లో పథకం పని చూసే కరుణక్క వచ్చి కోయొద్దంది.

“సోమారం నంద్యాల నుంచి పెద్ద సార్లు వస్తాండారు. మడి నిండుగా కనపడాల. అంతవరకు కాయ మీద చెయ్యి పెట్టొద్దు.”

“ముదిరిపోతాయి గదక్కా?”

“రెండు దినాలకేం గాదులేమ్మే.”

సుష్మ కాదనలేకపోయింది. పేడ, బెల్లం కలిపి జీవామృతం చేయడం దగ్గరుండి నేర్పింది ఆమే. పురుగుమందుల కొట్టు మెట్లెక్కకుండా పంట తీయొచ్చని సుష్మ నమ్మింది ఆమెను చూసే.

సోమవారం సార్లు రాలేదు. మంగళవారం మీటింగన్నారు. బుధవారం వాన. సుష్మ పాలలో నీళ్లు ఎక్కువ కలిపి పట్టింది. పాప సీసా తోసేసి ఏడుస్తుంటే, పళ్లు వస్తున్నందుకా, పాలు పలచనయినందుకా ఆమెకు తెలియలేదు.

బేస్తవారం పొద్దున్నే రుక్సానా బండి ఆపి, ఒక కాయ కొస విరవబోయింది. అది వంగింది గానీ విరగలేదు.

“ఏంది సుష్మా, ఇది కూరకా, పొయ్యిలోకా? యాడ అమ్మల్ల ఈటిని?”

సుష్మ చేతికి గుడ్డ చుట్టుకుని మడిలోకి దిగింది. వేలితో నొక్కి చూసి, లేతవి మాత్రం కోసింది. అప్పుడే కరుణ స్కూటీ మీద వచ్చింది.

“వద్దమ్మే! ఈ పొద్దు కచ్చితంగా వస్తాండారు. బోసి మడి చూపిస్తే నా పని పోతాది.”

“బోసిగా యాడుందక్కా? ముదురువన్నీ నీకోసమే పెట్టినా. చూసేదానికి అవే బాగుంటాయి.”

అర గంప కాయలు రుక్సానా బండెక్కాయి. ఆ పూట పాలకు సరిపోయే దుడ్లు సుష్మ కొంగులో పడ్డాయి.

పదకొండు గంటలకు రెండు జీపులు వచ్చాయి. సార్లు పొడుగాటి కాయల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. వారిలో పెద్దాయన ఒక కాయ కొస విరిచి చూశాడు. విరగలేదు. ఇంకొకటి తెంపి విరవబోయాడు. అదీ అంతే.

“ఏమ్మా, ముదిరిపోయాయే?”

కరుణ ముఖం పాలిపోయింది. సుష్మ పాపను చంకలో సర్దుకుంది. కరుణ పేరెత్తలేదు.

“మీరొస్తారని పెట్టినాం సార్. సోమారం వచ్చింటే ఇరిగేటివి.”

ఆయన కాయను కింద పారేయబోయి, పారేయలేక చేతిలోనే పట్టుకుని జీపెక్కాడు.

ముదురువి తీసేస్తేనే చెట్టు మళ్లీ పూత పడుతుంది. సుష్మ పాపను గట్టు మీద కూర్చోబెట్టి మడిలోకి దిగింది. కాసేపటికి పక్క సాలులో అలికిడయింది. చూస్తే, కరుణ కాయలు తెంపుతోంది.

“దురదేస్తాదక్కా,” అంటూ సుష్మ తన చేతి గుడ్డను రెండుగా చింపి ఒక ముక్క అందించింది. “చుట్టుకో.”