ఉన్నారా, లేరా

ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక కూడా ఇంటిపట్టున కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. 2007లో ఖమ్మంలో ఒక స్వచ్ఛంద సంస్థకు సర్వే చేసే మనుషులు కావాలని తెలిస్తే, పిలవకముందే వెళ్లి కూర్చున్నాను. నాకు నోరూ కాళ్లూ రెండూ ఆగవని మా ఆయన ఎప్పుడూ అనే మాటే. అందులో అబద్ధమేమీ లేదు.

పని చెప్పుకోవడానికి తేలిక. భద్రాచలం అవతల అడవి అంచున పద్నాలుగు ఊళ్లు. మంచం పట్టిన ముసలివాళ్లకు ఏ ఊరు ఎంత అనువుగా ఉందో చూసి మార్కులు వెయ్యాలి. నీళ్లు ఎంత దూరం, దవాఖానా ఎంత దూరం, వానాకాలం దారి ఉంటుందా, ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారా. ఈ ఆఖరి ప్రశ్నకే వందలో ముప్ఫై మార్కులు. అందరికన్నా తక్కువ మార్కులు వచ్చిన ఊరికి ఒక నర్సును ఇస్తారు. ఆమె ఆ ఊళ్లోనే ఉండి రోజూ ఇల్లిల్లూ తిరిగి చూస్తుంది. ఉన్నది ఒక్క నర్సే.

ఇప్పలగుంపు నా లిస్టులో చివరి ఊరు. పర్ణశాల దాటి, వాగు దిగి ఎక్కి, అడవిలో నాలుగు కిలోమీటర్లు నడిస్తే ముప్ఫై ఇళ్లు కనిపిస్తాయి. జనవరి నెలాఖరు. నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. చాలా ఇళ్లకు తడికలు వేసి తాళ్లతో కట్టి ఉన్నాయి. ముసలివాళ్లను అడిగితే పనికి పోయారన్నారు. కూలిజనం పగటిపూట పనికి పోక ఇంట్లో ఉంటారా అనుకున్నాను. నా ధ్యాసంతా సాయంత్రం బస్సు మీద ఉంది.

నాలుగో ఇల్లు దూలయ్యది. డెబ్బై ఐదు దాటిన మనిషి, ఎండు కట్టెలా ఉన్నాడు. భార్య భీమక్కకు పక్షవాతం వచ్చి రెండేళ్లు. కుడివైపు పడిపోయింది, మాట మాత్రం నిలిచింది. నేను అలవాటు కొద్దీ ఫారం పక్కన పెట్టి ముందు ఆమెను తిప్పి వీపు చూశాను. ఒక్క పుండు లేదు. నా సర్వీసులో, ఇద్దరు ఆయాలున్న వార్డుల్లో కూడా, రెండేళ్లు మంచాన ఉన్న మనిషికి అంత శుభ్రమైన వీపు చూడలేదు. ఇదంతా ఎవరు చేస్తున్నారని అడిగితే దూలయ్య సిగ్గుపడ్డాడు. పగలు మూడుసార్లు, రాత్రి రెండుసార్లు తనే తిప్పుతాడట. ఇప్పనూనె రాస్తాడట. ఎవరూ నేర్పలేదు, ఆమె తిట్లను బట్టి నేర్చుకున్నానన్నాడు. భీమక్క మూతి తిప్పుకుంది. ఆ ముచ్చటకు నాకు భలే నవ్వొచ్చింది.

తర్వాత ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారా, లేరా?

దూలయ్య మొహం మాడిపోయింది. "లేరంటవేందమ్మా? కొడుకున్నడు, కోడలున్నది, నేనున్న. ఉన్నోళ్లను పట్టుకొని లేరనొచ్చునా?"

నిజమే. మన భాషలో లేడంటే ఇంట్లో లేడనీ అవుతుంది, అసలు భూమ్మీదే లేడనీ అవుతుంది. బతికున్న కొడుకును పట్టుకుని ఏ తండ్రి ఆ మాట అంటాడు? తప్పయిందని చెప్పి "ఉన్నారు" అన్నచోట టిక్కు పెట్టాను. మిగతా ఇళ్లలో ఆ "లేరా" మింగేసి, ఉన్నారా అని మాత్రమే అడిగాను. అందరూ ఉన్నరనే అన్నారు. ఆ ప్రశ్నకు ముప్ఫై మార్కులకు ముప్ఫై. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ రోజు నాకు వాళ్లు లోకువయ్యారు, నా తెలివితక్కువతనం నాకు తెలియలేదు.

ఖమ్మం మీటింగులో సర్వే ఆఫీసరు ఉదయ్ భాస్కర్, ముసలివాళ్లకు అన్నిటికన్నా అనువైన ఊరు ఇప్పలగుంపేనని చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనే కట్టించిన ఊరైనట్టు ఉబ్బిపోయాను. తుది రిపోర్టు అట్ట మీద వెయ్యడానికి దూలయ్య దంపతుల ఫొటో తెమ్మన్నాడు. కెమెరా తీసుకుని ఫిబ్రవరి మధ్యలో మళ్లీ వెళ్లాను.

అవే తడికలు. అవే తాళ్లు. ఒక తాడు ముడి మీద సాలెపురుగు గూడు కట్టింది.

అప్పుడు వెలిగింది నాకు. నడవగలిగినవాళ్లంతా పిల్లల్ని, కోళ్లను వెంటబెట్టుకుని, జూలూరుపాడు వైపు మిరపతోటల్లో కాయ ఏరడానికి పోయారు. తోటల్లోనే గుడిసెలేసుకుని ఉంటారు, ఉగాది దాకా రారు. నేను అడిగింది ఉన్నారా అని. ఉన్నారు. జూలూరుపాడులో ఉన్నారు. ఖమ్మం మిర్చి యార్డు పక్క వీధిలో పుట్టి పెరిగినదాన్ని, ఆ ఘాటుకు తుమ్ముతూ బడికి పోయినదాన్ని. ఆ కాయ ఎవరు ఏరితే యార్డుకొస్తుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

దూలయ్య ఇంట్లో మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. ముందురోజు వాగు నీళ్లకు పోయి జారితే తుంటి విరిగింది. అక్కణ్నుంచి దేక్కుంటూ ఇంటికొచ్చాడు. వచ్చాడు గాని లేవలేకపోయాడు. పక్క ఇళ్లలో మిగిలిన ముసలివాళ్లు కేక వినగలరు, పర్ణశాల దాకా నడవలేరు. నన్ను చూడగానే, ముందు ఆమెను తిప్పమన్నాడు. తిప్పేదాకా తన ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. భీమక్క వీపు ఒక్కరోజుకే ఎర్రగా కమిలింది.

పర్ణశాలకు పరుగులాంటి నడక నడిచి, యాత్రికులను తిప్పే జీపును పిలుచుకొచ్చాను. డ్రైవరు సమ్మయ్య దూలయ్యను భద్రాచలం దవాఖానాలో చేర్చి, జూలూరుపాడుకు కబురు పంపుతానన్నాడు. నేను భీమక్క దగ్గర ఉండిపోయాను. జీపు ఎక్కించేటప్పుడు దూలయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. నన్ను గూడ ఆ లెక్కలనే ఏసుకున్న."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆయన లెక్క తప్పేమీ కాదు, ఆ ఊరికి నేను వేసిన ముప్ఫై మార్కులూ ఆయనొక్కడే.

మూడో రోజు కోడలు దుర్గ వచ్చింది. కొడుకు రవీందర్ తండ్రి దగ్గరికి దవాఖానాకు పోయాడు. ఐదో రోజు పొద్దున నేను పర్ణశాల ఎస్టీడీ బూత్ నుంచి ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేసి, నా ఫారాలన్నీ తప్పులని చెప్పాను. మళ్లీ నింపి తెమ్మన్నాడు. జవాబు ముసలివాళ్ల నోటినుంచే రావాలి, వేలిముద్ర పడాలి, ఎల్లుండితో ఆఖరు. ఫోన్ పెట్టేసి బయటికొస్తే సమ్మయ్య జీపు ఆగి ఉంది. తెల్లవారుజామున దూలయ్య పోయాడని, మధ్యాహ్నానికి తీసుకొస్తున్నారని చెప్పాడు.

దుర్గకు చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని ఇంటి వెనక్కు పోయింది. అత్తకు తను చెప్పలేనంది. ఎంతోమందికి చావు కబురు చెప్పినదాన్ని, నాకూ ధైర్యం చాలలేదు. శవం వాకిట్లోకి రాకముందే ఎవరో ఒకరు చెప్పాలి. ఏం చెయ్యను? ఫారం చేతిలోకి తీసుకున్నాను. పిరికివాళ్లకు కాగితం మంచి అడ్డం.

మంచం పట్టె మీద కూర్చుని మొదలుపెట్టాను. నీళ్లు, దవాఖానా, దారి. అన్నిటికీ జవాబు చెప్పింది. చివరిది మిగిలింది. అప్పుడు మింగేసిన మాటను ఇప్పుడు మింగడానికి లేదు.

"చూసుకునేవాళ్లు ఉన్నారా... లేరా?"

లేరా దగ్గర, మొహానికి అడ్డం పెట్టుకున్న ఫారం దించాను. భీమక్క నా మొహంలోకి చూసింది.

"అడుగుతున్నవా బిడ్డా, చెప్తున్నవా?"

"చెప్తున్నా" అన్నాను.

ఆమె ఏడవలేదు. ఇంటి కప్పులోకి చూస్తూ, లేడని రాయమంది. రాశాను. మిగతా ఇళ్ల ముసలివాళ్లు కూడా ఆ సాయంత్రం, దూలయ్యను సాగనంపి వచ్చాక, ఒక్కొక్కరే లేరనే చెప్పారు. బతికున్న బిడ్డలను లేరనడానికి వాళ్లెంత కుమిలిపోయారో నేను చూశాను. ఏప్రిల్‌లో ఇప్పలగుంపుకు నర్సు వచ్చింది. దూలయ్య పోతే గాని రాలేదు.

కాని ఆ మధ్యాహ్నం, దూలయ్యను తెచ్చే జీపు ఇంకా రాకముందు, భీమక్క ఎడమ చెయ్యి నా వైపు చాపింది. వేలిముద్ర వెయ్యడానికనుకుని సిరా డబ్బా తీసి ఆమె బొటనవేలు పట్టుకున్నాను. ఆమె విసుగ్గా చెయ్యి విదిలించి మళ్లీ చాపింది. ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. పొద్దు నడినెత్తి దాటింది, ఆయన తిప్పే వేళయింది.

డబ్బా కింద పెట్టి, ఆమెను గోడవైపు తిప్పాను.