మొగుడి పేరు రాయాల్సిన గడి

"ఆ ఇల్లు యాడుండాది?"

సంకటి ముద్ద పళ్ళెంలో పెట్టబోతున్న సంజీవమ్మ చెయ్యి ఆగిపోయింది. మొగుడు హొన్నూరప్ప తల ఎత్తకుండానే అడిగాడు, పచ్చిమిరపకాయ ఏదని అడిగినట్టు. నాలుగు రోజుల్లో ఇది మూడోసారి. మొదటిసారి నవ్వుతూ అడిగాడు. రెండోసారి మణికట్టు పట్టుకుని అడిగితే గాజులు రెండు చిట్లాయి. ఆఫీసులో అడిగినవాళ్ళకు బోరింగు కొడుతుంటే చిట్లాయని చెప్పుకుంది. ఈసారి ఎట్లా అడుగుతాడోనని ముద్ద చేతిలోనే పెట్టుకుని నిలబడింది. చెయ్యి కాలుతున్న సంగతి కూడా తెలియలేదు.

"ఏ ఇల్లప్పా?"

"మొగుళ్ళనిడిసి వచ్చినోళ్ళను దాపెట్టిండే ఇల్లు. మీ ఆఫీసు కాయితాలన్నీ నీ చేతిమీదనే పోతాయంట గదా. చిన్నరంగప్ప పెండ్లాం పోయిందని దినామూ మండీకొచ్చి ఏడుస్తాండాడు. నా పెండ్లాం ఆఫీసులో ఉండాది, కనుక్కొని చెప్తా అని మాటిచ్చినా. నా మాటకు విలువ ల్యాకుండా చేస్తావా ఏంది?"

మాటిచ్చాడట. ఆమె నోట్లో ఉన్న మాటను ఆమెనడక్కుండానే ఇంకొకడికి ఇచ్చేశాడు.

హొన్నూరప్ప పావగడ శనక్కాయల మండీలో తూకం వేసేవాడు. అది వరసగా మూడో కరువు ఏడు. మండీకి కాయలు రాక మగవాళ్ళకు కూర్చుని మాట్లాడుకోవడం తప్ప పని లేకుండా పోయింది. పని లేనిది మగవాళ్ళకే. సంజీవమ్మ కోడి కూసే వేళకు బోరింగు దగ్గర వరసలో నిలబడి, నీళ్ళు మోసి, సంకటి కెలికి, అత్తకు కాళ్ళకు నూనె రాసి, పది కొట్టేసరికి తాలూకా ఆఫీసులో బల్ల ముందుండాలి. అక్కడ గుమాస్తాల్లో ఆడది ఆమె ఒక్కతే కాబట్టి ఎవరొచ్చినా కాఫీ కలపడం కూడా ఆమె పనే. "ఉద్యోగం చేస్తే ఏమమ్మా, పొయ్యి ముందర అందరూ ఒకటే," అనేది అత్త. ఆ మాట నిజమేనని పదకొండేళ్ళుగా నమ్మింది సంజీవమ్మ. నమ్మితే బతుకు కొంచెం సులువుగా జరుగుతుంది మరి.

ఆ మార్చి నెలలో బెంగుళూరు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఇళ్ళల్లో దెబ్బలు తిన్నవాళ్ళకూ బలాత్కారానికి గురైనవాళ్ళకూ నీడనిచ్చే ఇళ్ళకు కరువు సహాయంలోంచి అత్యవసరంగా నిధి పంచాలి. నెలాఖరు సాయంత్రంలోగా చెక్కు చేరి రసీదు రాకపోతే డబ్బు వెనక్కి పోతుంది. తాలూకాలో అట్లాంటి ఇల్లు ఒక్కటే ఉంది. వై.ఎన్.హొసకోటలో నూనె మిల్లు వెనక రెండు గదులు, అందులో పదకొండు మంది ఆడవాళ్ళు. నెల రోజులుగా ఒంటిపూట గంజితో బతుకుతున్నారు. బాడుగ అందక ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు. ఖాళీ చేస్తే ఎవరు ఎక్కడినుంచి పారిపోయి వచ్చారో మళ్ళీ అక్కడికే పోవాలి. వాళ్ళలో ఒకామె, నల్లమ్మ, తిరిగి తన మొగుడు చిన్నరంగప్ప దగ్గరికి పోవాలి.

ఆర్డరుతోపాటు ఒక పట్టిక వచ్చింది. పేరు, వయసు, ఊరు. నాలుగో గడి 'గండన హెసరు', అంటే మొగుడి పేరు. ఆ పేరు మీద ఊరి లెక్కలు రాసే శానుభోగుకి చీటీ పోవాలి, ఆయన మొగుణ్ణి విచారించి నిజమేనని రాయాలి. ఎవరికి భయపడి దాక్కున్నారో వాళ్ళనే పోయి అడిగి రమ్మనే ఆర్డరు! రాసిన దొర ఎవరో గాని, తన ఇంట్లో తలుపు చప్పుడుకు ఉలిక్కిపడి ఎరిగినవాడు మాత్రం కాడు. సంజీవమ్మకు ఆ చప్పుడు బాగా తెలుసు. గొళ్ళెం తీసే తీరును బట్టి ఆ పూట ఎట్లా గడుస్తుందో చెప్పగలదు.

పట్టిక నింపడానికి ఆమే పోయింది. పేర్లు చెప్పారు, ఊర్లు చెప్పారు. నాలుగో గడి దగ్గర మాత్రం అందరి నోళ్ళూ మూతబడ్డాయి. ఒకామె కొండ మీద నామాలాయన పేరని సైగ చేసింది. ఇంకొకామె "ఎద్దు" అంది.

"బసవన్ననా?" అంది సంజీవమ్మ.

"ఊ. పేరూ అదే, గుణమూ అదే," అంటే గదంతా నవ్వింది. అన్ని దెబ్బలు తిన్నవాళ్ళు అట్లా నవ్వుతారని సంజీవమ్మ అనుకోలేదు.

మూలన పదిహేడేళ్ళ పిల్ల ఒకతి నవ్వలేదు. కరువు పనిలో మట్టి మోస్తుంటే మేస్త్రీ చెరిచాడు ఆ పిల్లను. ఆ పిల్లకు నాలుగో గడిలో ఏం రాయాలో ఆర్డరులో లేదు.

నల్లమ్మ సైగ కూడా చెయ్యలేదు. సంకటి ఉడకలేదని ఆమె కుడి చేతిని పొయ్యిలో పెట్టి పట్టుకున్నాడు చిన్నరంగప్ప. వేళ్ళు మూడు అతుక్కుపోయాయి.

"మీ ఆయన పేరు చెప్పమ్మా, నాకు తెలిసినా నువ్వు చెప్పల్ల."

"ఎట్ల చెప్పేదక్కా? నోటితో చెప్తే ఆయప్పకు ఆయుస్సు తగ్గుతాది."

సంజీవమ్మకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. కాలిన చేత్తోనే వాడి ఆయుస్సు కాపాడుతోంది! అంతలోనే తన సంగతి గుర్తొచ్చింది. పదకొండేళ్ళలో తను మాత్రం ఎప్పుడు పలికింది? ఓటరు పట్టీ రాసేవాడు వస్తే పక్కింటామెను పిలిచి చెప్పించింది. పలికితే ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు, భయపడింది, అంతే. ఆయన ఆమెను 'ఏమ్మే' అంటాడు, 'ఇదిగో' అంటాడు, కోపమొస్తే ఇంకా ఏమేమో అంటాడు. ఏ మాటకూ ఆమె ఆయుస్సు తరిగిపోతుందని ఎవరూ అనలేదు. ఆ గడిలో అందరికీ 'చెప్పరు' అని ఒకే మాట రాసి బస్సెక్కింది.

మూడోసారి అడిగించుకున్న ఆ పొద్దునే పట్టిక శిరస్తేదారు గుండప్ప ముందుకు పోయింది.

"ఇదేమమ్మా సంజీవమ్మా, గడి గడికీ చెప్పరు అని రాసుండావు? మొగుడి పేరు ల్యాకుంటే విచారణ చీటీ ఎవరికి పంపేది?"

ఆయన పైలు విసిరేస్తే అంతటితో అయిపోతుంది. పట్టిక మీద వేలు పెట్టింది సంజీవమ్మ. "మొగుడి పేరు నోటితో చెప్పరంట సార్. మీ ఇంట్లో అమ్మ మీ పేరు చెప్తాదా సార్?"

గుండప్ప మీసం కింద నవ్వు కదిలింది. "ఛ ఛ. ముప్పై ఏండ్లాయ, ఒక దినమన్నా నోట్లోకి రానీల్యా."

"వాళ్ళూ అంతే సార్. మర్యాద తెల్సినోళ్ళు."

"ఏమన్నా మన ఆడోళ్ళు ఆడోళ్ళేలే," అని, విచారణ అక్కర్లేదని రాసి, సంతకం చేసి, చెక్కు ఇప్పించాడు. తన ఇల్లాలిని పొగిడించుకున్న సంతోషంలో ఏమీ అడగలేదు. ఆ సంతోషంలోనే టీ అంగడికి పోయి, రేపు చెక్కు తీసుకుని సంజీవమ్మే పోతోందని హొన్నూరప్పకు చెప్పేశాడు.

పొద్దు గుంకేవేళ ఇంటికొస్తే హొన్నూరప్ప ఆమె సంచి మంచం మీద బోర్లించి ఉన్నాడు. చెక్కు ఆఫీసు బీరువాలో ఉండబట్టి దొరకలేదు. కొడతాడనుకుంది. కొట్టలేదు. "రేపు చెక్కిచ్చేకి పోతాండావంట. ఆడదానివి, ఒక్కదానివే ఎట్ల పోతావు? నేనూ వస్తా," అన్నాడు మెత్తగా. "చిన్నరంగప్ప గూడా వస్తాడులే, వెనక."

ఆమె మంచం మీది సామాను ఒక్కొక్కటే సంచిలో వేసుకుంది. రేపే నెలాఖరు. పోకపోతే డబ్బు వెనక్కి పోతుంది, ఇల్లు పోతుంది. పోతే తనే దారి చూపించినట్టవుతుంది. పోలీసులకు చెబుదామంటే ఊళ్ళో కానిస్టేబులు రోజూ టీ తాగేది మండీలోనే. జ్వరమని పడుకుందామనుకుంది. పుట్టింటికి పోదామనుకుంది; పోతే అమ్మ ఏమంటుందో తెలుసు. "సర్దుకోమ్మా" అంటుంది, అమ్మకు ఎవరూ వేరే మాట నేర్పలేదు. నల్లమ్మ చెయ్యి పదే పదే కళ్ళ ముందుకొచ్చింది. వాడికి ఇల్లు తెలిస్తే ఈసారి చేతితో వదలడు.

తెల్లారి ఆఫీసు గేటు బయట ఇద్దరూ నిలబడ్డారు. చిన్నరంగప్ప చేతిలో ఏమీ లేదు, భుజం మీద తువ్వాలు తప్ప. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. "నమస్కారమక్కా," అన్నాడు. అట్లాంటివాడే ఆ పని చేశాడా అని క్షణం అనుమానమొచ్చింది ఆమెకు. ఆ అనుమానానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

లోపల ఆఫీసు ఊడ్చే హనుమంతమ్మ కసువు ఊడుస్తోంది. ఆమెది హొసకోటే. సంజీవమ్మ బీరువా తీసి చెక్కు, రసీదు కాగితం ఆమె చేతిలో పెట్టింది. ఇల్లెక్కడుందో చెవిలో చెప్పింది.

"నేను పోవాల్నా? నాకు చదువు రాదే అక్కా!"

"చదివేదేం ల్యా. ఇచ్చి సంతకం పెట్టించుకో. వెనక గేటులో పో, ఎనిమిదిన్నర బస్సు."

హనుమంతమ్మ ఆమె ముఖం చూసింది, చిట్లిన గాజుల చోటు చూసింది. చెక్కును మడిచి ఆకువక్కల సంచిలో సున్నపు డబ్బీ కింద దోపుకుని పోయింది.

సంజీవమ్మ ఖాళీ పైలు చంకలో పెట్టుకుని ముందు గేటులోంచి బయటికొచ్చి, హొసకోటకు కాకుండా నిడుగల్లు బస్సెక్కింది. హొన్నూరప్ప పక్కన కూర్చున్నాడు, చిన్నరంగప్ప వెనక సీట్లో. వెనక నుంచి వాడి ఊపిరి మెడకు తగులుతున్నట్టే ఉంది. కిటికీలోంచి ఎండిన శనక్కాయ చేలు పోతున్నాయి. హనుమంతమ్మకు బస్సు దొరికిందా, ఇల్లు తెలిసిందా, చెక్కు పోగొట్టుకోలేదు గదా? పదిన్నరకల్లా చెక్కు చేరిపోతుంది, అందాకా వీళ్ళను తిప్పాలి. ఆ తర్వాత ఏమిటన్నది ఆలోచిస్తే దిగి పారిపోవాలనిపించింది. అందుకని ఆలోచించలేదు.

నిడుగల్లులో దిగి ఈ సందులోకి, ఆ సందులోకి నడిచింది. గొర్రెల దొడ్లు దాటించింది, కోట కొండ కిందిదాకా తీసుకుపోయి దారి తప్పానని వెనక్కి తిప్పింది.

"ఇంకా ఎంత దూరమే?"

"ఇంకొంచెం."

ఎండ నెత్తికెక్కింది. హొన్నూరప్ప గొంతులో మెత్తదనం పోయింది. చివరికి రేషనంగడి ముందు ఆగింది సంజీవమ్మ. కిరసనాయిలు డబ్బాలు పట్టుకుని ముప్పై మంది ఆడవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. అంగడి గోడ గడియారంలో పదకొండు.

"ఏదే, ఇల్లేదే?"

"ఈడ ఇల్లు ల్యాదు."

చిన్నరంగప్ప దగ్గరికి జరిగాడు. హొన్నూరప్ప మణికట్టు పట్టుకున్నాడు, గాజులు చిట్లిన చోటే. "మరి యాడుండాది? నీకు తెలుసా, తెలీదా?"

భయం వేసింది. ఆ పూట ఇంటికి పోలేనని తెలుసు, బహుశా ఇంకెప్పటికీ పోలేనేమో. అయినా బారులో చివరామెకు కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.

"తెలుసు. చెప్పను, హొన్నూరప్పా."