రాణిగారి భుజం

మా టెన్నిస్ ఆటలో ఓడిపోయినవాళ్లకు కూడా ఒక క్యూ ఉంటుంది. అర్హత పోటీల చివరి రౌండులో ఓడినవాళ్లలో ర్యాంకు మెరుగ్గా ఉన్న అమ్మాయి సంతకం పెట్టి, బ్యాగు పక్కన పెట్టుకుని కాచుకోవాలి. అసలు పోటీలో ఎవరైనా కోర్టులోకి దిగకముందే తప్పుకుంటే ఆ చోటు ఆమెది. దీన్ని లక్కీ లూజర్ అంటారు. ఆ పేరు పెట్టినవాడు జన్మలో ఓడి ఉండడు. ఆ వారం క్యూలో మొదటి మనిషిని నేనే.

ముప్పైకి దగ్గరపడ్డాను. ఇంటి దగ్గర ఒక బడిలో ఆటల టీచరు ఉద్యోగం నా జవాబు కోసం ఆగి ఉంది. ఈసారి అసలు పోటీలో ఆడగలిగితే ఇంకో ఏడాది ఇలాగే తిరుగుతానని, లేకపోతే బుద్ధిగా బడికి వెళ్తానని అమ్మకు మాట ఇచ్చాను.

"నీ మాట నీటిమూట కాకపోతే అంతే చాలు" అంది అమ్మ.

ఆ ఉదయం రాణిగారి నుంచి పిలుపొచ్చింది. పెద్ద ర్యాంకున్న ఒక అమ్మాయికి మేం చాటుగా పెట్టుకున్న పేరది. మ్యాచ్‌కు ముందు ఆమె చెయ్యి వేడెక్కడానికి ఎదురుగా బంతులు కొట్టే మనిషి కావాలి. అలాంటి పనులకు నేనెప్పుడూ దొరుకుతాను. నాకంటే బాగా చిన్నది, నోరారా "అక్కా" అంటుంది. పనున్నప్పుడు.

నాలుగు సర్వీసులు కొట్టేసరికి రాకెట్ వదిలేసి భుజం పట్టుకుంది. చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు కలిగింది జాలి కాదు, సంతోషం.

"ఇలా ఎలా ఆడతావ్? ఆడలేనని చెప్పేసెయ్" అన్నాను.

"అమ్మో, చెప్పను. స్పాన్సర్ వాళ్లు చూడ్డానికొచ్చారు. కోర్టులో అడుగుపెడితే చాలు, ఒప్పందం నిలబడుతుంది. రెండు గేములాడి ఆపేస్తా. ఎవరితో అనకక్కా."

"నువ్వు తప్పుకుంటే ఆ చోటు నాకొస్తుంది."

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వింకా ఆడుతున్నావా? కోచింగ్‌లోకి వెళ్లిపోయావనుకున్నా!"

తిన్నగా రెఫరీ దగ్గరికి పోయాను. ఆవిడ చెడ్డ మనిషేం కాదు.

"తను ఆడతానంటుంటే వద్దనడానికి నేనెవరమ్మా? నువ్వు సంతకం పెట్టావుగా, కాసేపు కూర్చో" అంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ భుజం వరమిచ్చింది, భుజమున్న మనిషి ఇవ్వలేదు.

బూట్ల తాళ్లు బిగించుకుని చివరి వరసలో కూర్చున్నాను. రాణిగారు ఎడమ చేత్తో అందరికీ అభివాదం చేస్తూ వచ్చారు. స్పాన్సర్లు చప్పట్లు కొట్టారు. మొదటి బంతి పడగానే నా కథ అయిపోయింది. రాణిగారు రెండు గేములు ఓడి, మొహానికి తువ్వాలు అడ్డుపెట్టుకుని, ప్రత్యర్థికి చెయ్యి కలిపి వెళ్లిపోయారు. "పాపం, నొప్పితోనే పోరాడింది" అని నా ముందు కూర్చున్నావిడ కళ్లు తుడుచుకుంది.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. "బడివాళ్లకు సరేనని చెప్పెయ్యమ్మా."

"ఏడ్చావా?"

"లేదు."

"అయితే ఇంటికొచ్చి ఏడుద్దువుగాని, రా."

గేటు దాటబోతుంటే వెనక నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చారు. రెండు గేములకే గెలిచేసిన రాణిగారి ప్రత్యర్థి పిల్ల.

"ఏమండీ, చెయ్యి కూడా వేడెక్కకుండానే మ్యాచ్ అయిపోయింది. కాసేపు కొడతారా? ఆ కోర్టు ఇంకా ఖాళీగానే ఉంది."

వెళ్లాను. నేను ఆడాల్సిన కోర్టు, నేను ఆడాల్సిన మనిషి. కసి తీరా కొట్టాను. ఈ మూలకో బంతి, ఆ మూలకో బంతి. పిల్ల పరిగెత్తి పరిగెత్తి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. సగం బంతులు ఆమె రాకెట్‌కు తగలనేలేదు. స్కోరు బోర్డు ఆర్పేశారు. సీట్ల మధ్య ఒకాయన చెత్త ఊడుస్తున్నాడు, తలెత్తి కూడా చూడలేదు. నేను గెలుస్తున్నానని నాకొక్కదానికే తెలుసు.

"అబ్బ, భలే కొట్టారండీ! రేపు మ్యాచ్‌కు ముందు కూడా వస్తారా?" అంది ఆ పిల్ల రొప్పుతూ.

ఈపాటికి అమ్మ బడికి ఫోన్ చేసేసి ఉంటుంది. రానని చెప్పడానికే నోరు తెరిచాను.

"ఎన్నింటికి?" అన్నాను.