జీవమ్మ మాదిగ

నంద్యాల పొలిమేరలో ఒక పత్తి విత్తనాల ఫ్యాక్టరీ. అక్కడ ఆ మధ్యాహ్నం మా కళ్లముందే జరిగింది. ఎండకు తాళలేక జీవమ్మ ఆఫీసు గది ముందున్న క్యాన్‌లోంచి నీళ్లు పట్టుకుని తాగింది. సూపర్‌వైజర్ శ్యాంసుందర్ గ్లాసు లాక్కుని గోడకేసి కొట్టాడు.

"మాదిగదానా! మా నీళ్లే కావాల్నా నీకు?"

మేమంతా ఆళ్లగడ్డ వైపు నుంచి బస్సులో వచ్చే మాదిగవాడ ఆడవాళ్లమే. అందరం విన్నాం. మళ్లీ పనిలో పడ్డాం.

సాయంత్రం మా వాడలో చర్చి ముందు మీటింగు పెట్టుకున్నాం. జీవమ్మ కూతురు జెస్సికా డిగ్రీ చదువుతోంది. లేచి నిలబడింది.

"ఆ మాటకు మనం కుమిలేకొద్దీ వాళ్లు అంటానే ఉంటారు. మనమే పేరు పక్కన పెట్టుకుందాం. ఫ్లెక్సీ మీద రాసుకుందాం. ఇంక దాంతో ఎట్ల కొడ్తారు?"

యూనియన్ పెద్ద జకరయ్య ఒప్పుకోలేదు. "మనం రాసుకుంటే వాళ్ల మనసులో ఉండేది పోతాదా పాపా?"

"అది పోకపోయినా మన సిగ్గు పోతాది పెద్దనాయనా."

ఫ్లెక్సీకి మొదటి చందా ఆయనే వేశాడు.

ఆదివారం నంద్యాల వీధుల్లో ఊరేగింపు తీశాం. ముందు ఫ్లెక్సీ, దానిమీద పెద్దక్షరాల్లో 'జీవమ్మ మాదిగ'. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాటను గొంతు చించుకుని అరిచాం. జీవమ్మ అందరికన్నా గట్టిగా అరిచింది. అబద్ధం చెప్పను, ఆ రోజు బాగుంది.

సోమవారం గేటు దగ్గర శ్యాంసుందర్ నవ్వుతూ నిలబడ్డాడు.

"ఏం జీవమ్మ మాదిగా, బాగుండావా? గ్లాసు మాత్రం ఇంటికాన్నుంచి తెచ్చుకో."

ఆఫీసువాళ్లు పగలబడి నవ్వారు. జీవమ్మ ముఖం చూడలేకపోయాం.

స్టేషన్‌కు పోయి అట్రాసిటీ కేసు పెట్టమన్నాం. ఎస్సై తన సెల్‌ఫోన్‌లో మా ఫ్లెక్సీ ఫోటో చూపించాడు.

"మీరే రాసుకున్యారు, మీరే అరిచినారు. ఆయప్ప అంటే తప్పేందమ్మా?"

బయటికొచ్చాక జెస్సికా ఏడ్చింది. "అంతా నా వల్లేనమ్మా."

"నీ వల్ల గాదు" అంది జీవమ్మ. "నువ్వు అంటే నన్ను పిలిచినట్టుండ్య. వాడంటే నా మీద ఊసినట్టుంది. మాట మనదే. వాని నోరు మనది గాదు."

"మరేం చేద్దాం?"

"ఏమో. ఆ గేటు లోపలికైతే నేను పోను."

మేమూ పోలేదు. మరునాడు గేటుకు అడ్డంగా కూర్చున్నాం. పోలీసులొచ్చారు. అదే మాటతో తిడుతూ, జుట్టు పట్టి వ్యాన్ ఎక్కించారు.

జాలీలోంచి చూస్తున్నాం. చాగలమర్రి నుంచి ఆటోల్లో కొత్త కూలీలు దిగుతున్నారు. మాలాంటి ఆడవాళ్లే.

"ఏం చూస్తాండారే మాదిగ ముండల్లారా, నడవండి!" శ్యాంసుందర్ గద్దించాడు.

తలలు వంచుకుని లోపలికి పోయారు. వాళ్లను ఏమనగలం? ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

ఒకామె మాత్రం ఆగిపోయింది. పేరు నరసమ్మ అని తర్వాత తెలిసింది. సద్దిగిన్నె పక్కన పెట్టి, మమ్మల్ని ఈడ్చేసిన చోటే, గేటుకు అడ్డంగా కూర్చుంది. ఒక్కతే. కానిస్టేబుళ్లు వెనక్కి తిరిగి ఆమె వైపు నడుస్తుండగా మా వ్యాన్ కదిలింది.