ఫొటో అయ్యాక తిరిగొచ్చిన ఉయ్యాల

అటక మీది చెక్క ఉయ్యాల దింపించి సబ్బునీళ్లతో కడుగుతుండగా గానీ ఆమెకు తెలియలేదు, తను కూనిరాగం తీస్తోందని. ఎన్నాళ్లయిందో! పొద్దున భర్త బూట్లు తొడుక్కుంటూ, "అమ్మాయి చిన్నప్పటి ఉయ్యాల ఉందిగా, కాస్త శుభ్రం చేయించు. ఫ్యాక్టరీలో పిల్లల గది పెడుతున్నాం" అన్నాడు. చేయించడమంటే ఎవరితో చేయిస్తుంది, తన చేతులతోనే. అయినా ఇవాళ ఆ చాకిరీ చాకిరీలా అనిపించలేదు. కుట్టు మిషన్ల దగ్గర పసిపిల్లల్ని అట్టపెట్టెల్లో పడుకోబెడుతున్నారని ఎవరో చెప్పగా విని, వాళ్లకో గది ఉంటే బాగుండునని ఓసారి భోజనాల దగ్గర అన్నది తనే. అప్పుడు ఎవరూ చెవిన వేసుకోలేదనుకుంది. పర్లేదు, వేసుకున్నారన్నమాట! కమ్మీల సందుల్లో పాత టూత్‌బ్రష్షు పెట్టి మరీ తోమింది.

చెప్పుకోవాలంటే ఆవిడ ఆ బట్టల కంపెనీకి డైరెక్టరు. నవ్వకండి, నిజమే. బోర్డులో ఆడమనిషి ఒకరు ఉండి తీరాలని రూలు వచ్చినప్పుడు భర్త ఇల్లంతా వినిపించేలా నవ్వి, "దానికి బయటెక్కడో వెతకడం దేనికి, ఇంట్లోనే ఉందిగా!" అన్నాడు. "సంతకమేగా, పాలు పొంగేలోపు పెట్టేయొచ్చు" అంది అత్తగారు. అప్పట్నుంచీ అలాగే జరుగుతోంది. బోర్డు మీటింగు వాళ్లింటి హాల్లోనే. అందరికీ కాఫీలిచ్చేది డైరెక్టరుగారే, ఎంగిలి కప్పులు తీసేదీ డైరెక్టరుగారే. అంతా అయ్యాక కంపెనీ సెక్రటరీ కాగితాలు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వస్తాడు. ఆవిడ తడిచేయి తుడుచుకుని పెన్ను అందుకుంటుంది. ఒకసారి చదవబోతే, "ఏంటోయ్, మా మీద నమ్మకం లేదా?" అన్నాడు భర్త, నలుగురి ముందు, నవ్వుతూనే. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. తర్వాత సింకు దగ్గర కొళాయి పెద్దగా తిప్పుకుని ఏడ్చింది, అది వేరే సంగతి.

పొద్దున కడిగి పంపిన ఉయ్యాల సాయంత్రానికల్లా తిరిగొచ్చింది. ఫ్యాక్టరీ వాచ్‌మనూ, మిషను కుట్టే ఓ అమ్మాయీ చెరోవైపు పట్టుకుని తెచ్చారు. వాచ్‌మన్ బండి దగ్గరికి వెళ్లిపోయాడు. అమ్మాయి ఆగి, ఉయ్యాలలో తడిసిన పాతగుడ్డ తీసి గబగబా మడత పెట్టుకుంది.

"ఇదేంటమ్మా, మళ్లీ తెచ్చేశారు? ఎక్కడైనా విరిగిందా?"

"లేదమ్మగారూ. ఫొటోలు తీసేశారు."

"మరి గది?"

"దారం డబ్బాల గదే. ఖాళీ చేసి గోడకి బొమ్మలు అంటించారు. మా పిల్లనే పడుకోబెట్టారు ఇందులో. ఎంత హాయిగా నిద్రపోయిందనుకున్నారు! ఫొటో అవగానే లేపేశారు, గుక్కపట్టి ఏడ్చింది. డబ్బాలు మళ్లీ లోపల పెట్టేస్తున్నారు."

"పిల్ల ఎక్కడుంది ఇప్పుడు?"

"మామూలే. మిషను కింద పెట్టెలో." అమ్మాయి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "నా పేరు బయటికి రానివ్వకండమ్మా. పోయిన నెల పక్క మిషనామె బిడ్డ ఉన్న పెట్టె మీద బట్టల మూట జారిపడింది. ఆ మోతలో ఏడుపెవరికి వినబడుతుంది? చూసేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. ఇంకా పేరైనా పెట్టలేదు. ఇంటి దగ్గర పోయిందని చెప్పమన్నారు. పనిలో ఉండాలిగా, అలాగే చెప్పింది."

"నీ పేరు రానివ్వను" అంది ఆమె.

పోయిన నెల ఓ సాయంత్రం భర్త తొందరగా ఇంటికొచ్చి, తల పగిలిపోతోందంటూ సోఫాలో వాలిపోవడం గుర్తొచ్చింది. ఏమైందండీ అని అడిగితే, "నీకు చెప్పినా అర్థమయ్యే గొడవ కాదులే, కాస్త తల పట్టు" అన్నాడు. పట్టింది. అతనికి నిద్ర పట్టేదాకా, పాపం ఎంత కష్టపడుతున్నాడో అనుకుంటూ నుదురు ఒత్తుతూ కూర్చుంది! ఇప్పుడు ఆ వేళ్లను చూసుకుంటే అసహ్యం వేసింది. ఒళ్లు మండిపోయింది, ముందు అతని మీద, ఆ వెంటనే పొద్దున కూనిరాగం తీసిన తన మీద. ఇన్నాళ్లూ వంటింటి గుమ్మంలో నిలబడి ఇంకెన్ని అబద్ధాల కింద సంతకం పెట్టిందో, ఎవరిని అడగాలి?

మర్నాడు మీటింగు. కంపెనీ చేసిన మంచి పనుల గురించి ఏటా రాసే సామాజిక బాధ్యత నివేదికకు బోర్డు ఒప్పుకోవాలి. ఆమె కాఫీలు తెచ్చింది, అందరికీ ఇచ్చింది, చివరి కప్పు ఖాళీ కుర్చీ ముందు పెట్టి ఆ కుర్చీలో కూర్చుంది.

"లోపల పనేం లేదా నీకు?" అన్నాడు భర్త.

"ఉంది. ఇది అయ్యాక చూసుకుంటాను."

సెక్రటరీ ముందున్న నివేదిక లాక్కుని తెరిచింది. ఫొటోలో తను తోమిన ఉయ్యాల నిగనిగలాడుతోంది. అందులో పిల్ల ఆదమరిచి నిద్రపోతోంది. ఫొటో కింద, పిల్లల బాగోగులు మహిళా డైరెక్టరు ప్రతిరోజూ స్వయంగా చూసుకుంటున్నారని రాశారు. ఆ కిందే, ఈ ఏడాది ప్రమాదాలేవీ జరగలేదని.

"ఫ్యాక్టరీలో పసిబిడ్డ చనిపోయిందిగా. అది లేదేం ఇందులో?"

భర్త కప్పు కింద పెట్టాడు.

"ఎవరు చెప్పారు నీకు?" భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ తల్లే ఇంటి దగ్గర పోయిందని చెప్పింది."

"ఎవరు చెబితేనేం? అబద్ధమైతే అబద్ధమనండి."

లోపలి గదిలోంచి అత్తగారు, "ఏంటే ఆ గొంతు, అంతమంది ముందు!" అని కేకేసింది.

"కంపెనీ మునిగిపోతుంది, తెలుస్తోందా? ఈ ఇల్లు, అమ్మాయి చదువు, అన్నీ పోతాయి" అన్నాడు భర్త.

"తెలుసు." ఆమె నివేదికను సెక్రటరీ ముందుకు తోసింది. "సెక్రటరీగారూ, రాయండి."

ఆయన పెన్ను మూత తీశాడు. భర్త వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "రాస్తే బాధ్యులెవరో కూడా రాయాలి అమ్మగారూ. ఎవరి పేరు రాయను?"

ఆమె ఫొటో కింది అక్షరాల మీద వేలు పెట్టింది. "రోజూ చూసుకునేది నేనేనని మీరే రాశారుగా. నా పేరు రాయండి."

"కేసు మీ మీదకే వస్తుందమ్మా!"

"రానివ్వండి. అక్కడైనా నన్ను కూర్చోబెట్టి, ఏం జరిగిందో చెప్పమని అడుగుతారు."